స్పెయిన్ ఆక్రమణ గురించి అజ్టెక్‌లు ఏమన్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ మెక్సికో తీరంలో దిగాడు, 1521 ఆగస్టు 13న అజ్టెక్ రాజధాని తెనోచ్‌టిట్లాన్ కూలిపోయింది. మనలో చాలామందికి తెలిసింది ఇంతే, అది కూడా కోర్టెస్ వైపు నుంచే. అవతలివాళ్ళు ఏం చూశారు, ఏం రాసుకున్నారు, ఎవరిని తిట్టుకున్నారు అన్న దగ్గరికి వచ్చేసరికి కథ ఆగిపోతుంది. ఆగాల్సిన అవసరం లేదు, వాళ్ళు చాలా రాశారు, సొంత భాషలో రాశారు.

అజ్టెక్‌లు, మెషీకాలు, నహువాలు, అందరూ ఒకటేనా?

తెనోచ్‌టిట్లాన్ నగరం వాళ్ళు తమను తాము మెషీకాలు అనుకునేవాళ్ళు. ఆ లోయలోనూ చుట్టుపక్కలా నహువాట్ల్ భాష మాట్లాడిన అందరినీ కలిపి ఇప్పుడు చరిత్రకారులు నహువాలు అంటున్నారు. కింద నేను ఎక్కువగా ఈ రెండు పేర్లే వాడతాను.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, మిగతా జవాబులన్నీ దీని మీదే నడుస్తాయి. "మేమంతా అజ్టెక్‌లం" అనే భావన వాళ్ళకి లేదు, "మేమంతా ఇండియన్లం" అన్నది అసలే లేదు. ఎవరి ఊరు వాళ్ళకి ఒక రాజ్యం, దాన్ని ఆల్టెపెట్ల్ అనేవాళ్ళు. దానికి సొంత రాజవంశం, సొంత దేవుడు, సొంత పొలాలు, పక్క ఊరితో సొంత పాత పగలు ఉండేవి. అందుకే "అజ్టెక్‌ల దృక్పథం ఏమిటి" అని ఏకవచనంలో అడిగితే జవాబు దొరకదు. ఏ ఊరి దృక్పథం అని అడగాలి.

ఓడిపోయినవాళ్ళ రాతలు మిగిలాయంటే నమ్మొచ్చా? అన్నీ తగలబెట్టేశారు కదా?

చాలా తగలబెట్టారు, నిజమే. అత్తిజాతి చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద, జింక చర్మం మీద బొమ్మల లిపిలో రాసిన పాత పుస్తకాల్లో చాలా కొద్ది మాత్రమే మిగిలాయి. కానీ ఆ తర్వాత జరిగిందే ఆశ్చర్యం. 1536లో ఫ్రాన్సిస్కన్ పాద్రీలు త్లాటెలోల్కోలో నహువా పెద్దింటి పిల్లల కోసం ఒక విద్యాలయం పెట్టారు. ఆ పిల్లలు లాటిన్, స్పానిష్ నేర్చుకున్నారు, రోమన్ అక్షరాలతో తమ నహువాట్ల్ రాయడం మొదలుపెట్టారు. ఇక ఆ రాత పాద్రీల చేతిలో ఆగలేదు. ఊరూరా గుమాస్తాలు తయారై వీలునామాలు, పొలాల అమ్మకాలు, అర్జీలు, ఫిర్యాదులు, పంచాయతీ తీర్మానాలు, సంవత్సరాల వారీ చరిత్రలు అన్నీ నహువాట్ల్‌లోనే రాశారు. రెండు వందల ఏళ్ళకి పైగా రాస్తూనే ఉన్నారు. అమెరికా ఖండాల్లో వేరే ఏ స్థానిక భాషలోనూ ఆ కాలపు కాగితాలు ఇన్ని మిగల్లేదు.

అందరూ చెప్పే ఆ ఫ్లోరెంటైన్ కోడెక్స్ ఏమిటి? దాన్ని రాసింది స్పెయిన్ పాద్రీయే కదా?

అది నహువాల గురించిన పెద్ద రాతప్రతి. పేరు బెర్నార్దినో దె సహగూన్‌ది. పని మాత్రం ఎక్కువగా నహువాలది. ఆంటోనియో వలెరియానో, అలోన్సో వెగెరానో, మార్టిన్ హకోబీటా, పెద్రో దె సాన్ బ్యూనవెంచూరా అనే నలుగురు పండితుల పేర్లు సహగూనే చెప్పాడు, వీళ్ళంతా ఆ త్లాటెలోల్కో విద్యాలయంలో చదివినవాళ్ళే. వీళ్ళు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసుకున్నారు. మొత్తం 12 పుస్తకాలు, దాదాపు 2500 బొమ్మలు. ఒక పక్క నహువాట్ల్, ఇంకో పక్క స్పానిష్. చివరిదైన 12వ పుస్తకం మొత్తం ఆక్రమణ కథే.

స్పానిష్ పక్క నహువాట్ల్‌కి సరైన అనువాదం కాదు. చాలాచోట్ల కుదించి వదిలేశారు, అలా మిగిలిన ఖాళీలో బొమ్మలు వేశారు. 1585లో సహగూన్ ఈ 12వ పుస్తకాన్ని మళ్ళీ రాశాడు, అప్పటికి కోర్టెస్ మంచివాడిగా కనిపించడం మొదలైంది. కాబట్టి నహువాల మాట కావాలంటే పాత ప్రతిలో నహువాట్ల్ వరుసే చదవాలి. అది కూడా ఘటన జరిగిన ముప్పై ఏళ్ళకి పైగా గడిచాక, ముఖ్యంగా త్లాటెలోల్కో వాళ్ళు చెప్పిన కథ. త్లాటెలోల్కో అదే దీవి మీద తెనోచ్‌టిట్లాన్ పక్కనే ఉన్న జంట నగరం, 1473లో మెషీకా రాజు అషయాకట్ల్ దాన్ని యుద్ధంలో లొంగదీసుకున్నాడు. ఆ మంట చల్లారలేదు. స్పెయిన్ వాళ్ళు వచ్చినప్పటి మెషీకా రాజు మోక్టెజుమా వణికిపోయే పిరికివాడిగా, త్లాటెలోల్కో వీరులు చివరిదాకా నిలబడ్డవాళ్ళుగా అందులో ఎందుకు కనిపిస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కోర్టెస్‌ని తిరిగొచ్చిన దేవుడు కెట్సల్‌కోవాట్ల్ అనుకున్నారట కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. నా జవాబు సూటిగా చెబుతాను: ఆ కథని నమ్మకండి.

కోర్టెస్ 1520లో స్పెయిన్ రాజుకి పెద్ద ఉత్తరం రాశాడు. తనని దేవుడనుకున్నారని అందులో ఎక్కడా లేదు. అలాంటి గొప్ప దొరికితే చెప్పకుండా వదిలే మనిషి కాదు అతను. పైగా ఆ ఉత్తరంలో మోక్టెజుమా తన బట్ట పైకెత్తి చూపించి, నేను దేవుణ్ణని మీకు ఎవరో చెప్పి ఉంటారు, చూడండి, మీలాగే నాదీ రక్తమాంసాలే అన్నట్టు ఉంటుంది. ఎప్పుడో వెళ్ళిపోయిన ఒక పూర్వ ప్రభువు వారసులు తిరిగొస్తారనే మాటని కోర్టెస్ మోక్టెజుమా నోట పెట్టాడు, దాని వెనక లెక్క ఉంది: రాజు తనంతట తానే రాజ్యం అప్పగించాడని చూపిస్తే తన దండయాత్ర చట్టబద్ధం అవుతుంది. కెట్సల్‌కోవాట్ల్ పేరుతో దేవుడి కథ రూపు కట్టింది ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళకి, పాద్రీల రాతల్లో. ఈ ఖండం ప్రజలు క్రీస్తు కోసం ముందే ఎదురుచూస్తున్నారు అనే ఆలోచన వాళ్ళకి బాగా నచ్చింది. ఆ పాద్రీల బడిలో చదువుకున్న నహువా కుర్రాళ్ళకీ ఆ కథ పనికొచ్చింది. అంత పెద్ద రాజ్యం మా తాతల చేతుల్లోంచి ఎలా జారిపోయింది అన్న ప్రశ్నకి ఏదో ఒక జవాబు కావాలి కదా, ఆ జవాబులో తప్పంతా మోక్టెజుమా మీద పడితే త్లాటెలోల్కో వాళ్ళకి ఇంకా సుఖం.

నహువాట్ల్ రాతల్లో స్పెయిన్ వాళ్ళని కొన్నిచోట్ల దేవతలకి వాడే మాటతోనే పిలిచారు, అది నిజం. కానీ ఆ మాటని వింతైన, భయంకరమైన శక్తి ఉన్న దేనికైనా వాడేవాళ్ళు. దేవుళ్ళని నమ్మి మోకరిల్లిన జనం కొద్ది నెలల్లోనే వాళ్ళని కాలవల్లోకి తరిమి చంపరు, 1520 జూన్ 30 రాత్రి జరిగింది అదే.

మరి ఆకాశంలో మంటలు, గుడి తగలబడటం, ఏడుస్తూ తిరిగిన ఆడమనిషి, ఆ ఎనిమిది శకునాలు?

12వ పుస్తకం మొదట్లోనే ఉన్నాయి. జరిగాక వెనక్కి తిరిగి కట్టుకున్న కథలు. యూరప్ పాత పుస్తకాల్లో నగరాలు కూలే ముందు వచ్చే శకునాలకి చాలా దగ్గరగా ఉన్నాయి, ఆ పుస్తకాలు విద్యాలయంలో ఉండేవి. చాలు, ముందుకి వెళదాం.

గుర్రాలు, తుపాకులు మొదటిసారి చూసినప్పుడు ఏమనుకున్నారు?

తీరం నుంచి వచ్చిన దూతలు మోక్టెజుమాకి చెప్పిన మాటలుగా 12వ పుస్తకంలో ఉన్న వర్ణన చదివితే, అది భయపడ్డవాళ్ళ కేకలా ఉండదు, కళ్ళు తెరుచుకుని అన్నీ గమనించినవాళ్ళ రిపోర్టులా ఉంటుంది. వాళ్ళని మోసే "జింకలు" ఇంటి కప్పు అంత ఎత్తున ఉన్నాయి. ఒళ్ళంతా కప్పుకున్నారు, మొహాలు మాత్రం కనిపిస్తాయి, సున్నంలా తెల్లగా ఉంటాయి. కుక్కలు చాలా పెద్దవి, కళ్ళు పసుపు రంగులో నిప్పులు చిమ్ముతున్నట్టున్నాయి. వాళ్ళ తిండి తెల్లగా, తేలిగ్గా, మొక్కజొన్న దంటు రుచిలో కొంచెం తియ్యగా ఉంది, అంటే రొట్టె.

బంగారం దగ్గర మాత్రం స్వరం మారిపోతుంది. బంగారు కానుకలు ఇస్తే కోతుల్లా ఎత్తి పట్టుకుని మురిసిపోయారట, పందుల్లా దాని కోసం ఆవురావురుమన్నారట. ఈకల పని ఉన్న డాళ్ళ నుంచి బంగారం ఊడబెరుక్కుని మిగతాది తగలబెట్టారని రాశారు. నహువాలకి కెట్సల్ పక్షి ఈకలు ఎంత విలువైనవో తెలిస్తే ఈ వాక్యంలో ఉన్న అసహ్యం అందుతుంది. ఎవరు అనాగరికులు అనే విషయంలో వాళ్ళకి ఏ అనుమానమూ లేదు.

తోష్‌కాట్ల్ పండగ నాడు ఏం జరిగింది?

1520 మే నెల. తన మీదికి క్యూబా గవర్నర్ పంపిన సైన్యాన్ని ఎదుర్కోవడానికి కోర్టెస్ తీరానికి వెళ్ళాడు, నగరంలో పెద్రో దె అల్వరాడోని వదిలాడు. స్పెయిన్ వాళ్ళ అనుమతి తీసుకునే పండగ మొదలైంది. ఆడవాళ్ళు తోటకూర జాతి గింజల పిండితో హుయిట్సిలోపోచ్‌ట్లి దేవుడి విగ్రహం చేశారు, దానికి ఈకలు, నగలు పెట్టారు. ఆయుధాలు లేని యువ వీరులు గుడి ఆవరణలో చేతులు కలిపి పాడుతూ ఆడుతుంటే స్పెయిన్ సైనికులు ద్వారాలు మూశారు. ముందు డోలు వాయించేవాడి దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ నరికారు, తర్వాత మెడ. కొందరు పేగులు కాళ్ళకి చుట్టుకుంటుండగా పరిగెత్తారని, కొందరు శవాల మధ్య చచ్చినట్టు పడుకున్నారని, రక్తం నీళ్ళలా పారిందని రాశారు.

అల్వరాడో మాత్రం తిరుగుబాటు కుట్ర జరుగుతోందని, ముందే అణిచేశానని చెప్పుకున్నాడు. కొన్ని నహువా రాతలు మాత్రం ఈ రోజు గురించి చెప్పేటప్పుడు ఆ డోలు చేతుల దగ్గర ఆగుతాయి. యుద్ధానికి ముందు చెప్పి రావడం, శత్రువుకి డాళ్ళు పంపడం లాంటి మర్యాదలున్న జనానికి ఇది యుద్ధం కాదు. ఆ రోజుతో నగరం తిరగబడింది.

మోక్టెజుమాని చంపింది ఎవరు?

స్పెయిన్ వాళ్ళ ప్రకారం సొంత జనం విసిరిన రాయి తగిలి చనిపోయాడు. నహువా రాతలు చాలావరకు స్పెయిన్ వాళ్ళే చంపారంటాయి. 1520 జూన్ చివర్లో వాళ్ళ బందీగా ఉండగా చనిపోయాడన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు.

500 మంది అంత పెద్ద రాజ్యాన్ని ఎలా ఓడించారు?

ఓడించలేదు. 1521 ముట్టడిలో స్పెయిన్ వాళ్ళు దాదాపు 900 మంది, వాళ్ళ పక్కన పదుల వేలమంది స్థానిక సైనికులు: త్లాష్‌కాలా వాళ్ళు, వెహోట్సింగో వాళ్ళు, చాల్కో వాళ్ళు, ఆఖరికి మెషీకాల పాత మిత్రరాజ్యం తెష్కోకో నుంచి రాకుమారుడు ఇష్త్లిల్‌షోచిట్ల్ మనుషులు. సరస్సులో యుద్ధానికి 13 ఓడలు కట్టిన కలప త్లాష్‌కాలా కూలీల భుజాల మీద కొండలు దాటి వచ్చింది. తిండి పెట్టింది వాళ్ళు, దారి చూపింది వాళ్ళు, చచ్చింది ఎక్కువగా వాళ్ళు.

త్లాష్‌కాలాని మెషీకాలు ఏళ్ళ తరబడి చుట్టుముట్టి ఉప్పు, పత్తి అందకుండా చేశారు. 1519 సెప్టెంబర్లో త్లాష్‌కాలా వాళ్ళు ముందు కోర్టెస్‌తో గట్టిగా యుద్ధం చేశారు, తర్వాత లెక్క వేసుకుని అతన్ని తమ వైపు తిప్పుకున్నారు. వాళ్ళ దృష్టిలో కోర్టెస్ వాళ్ళని వాడుకోలేదు, వాళ్ళే కోర్టెస్‌ని వాడుకున్నారు. 1552 ప్రాంతంలో పెద్ద గుడ్డ మీద ఈ కథంతా బొమ్మలుగా గీయించారు, దాన్నే లియెన్సో దె త్లాష్‌కాలా అంటారు. అసలుది పోయింది, నకళ్ళు మిగిలాయి. అందులో తెనోచ్‌టిట్లాన్ పతనం సగం కథే, తర్వాత గ్వాటెమాలా దాకా వెళ్ళి గెలిచిన యుద్ధాలన్నీ ఉంటాయి. మొదట కోర్టెస్‌తో చేసిన యుద్ధం మాత్రం కనిపించదు. స్పెయిన్ రాజుకి చూపించాల్సిన బొమ్మలో అది ఎందుకు పెడతారు?

అయితే త్లాష్‌కాలా వాళ్ళు, కోర్టెస్ దుబాసీ మలింట్సిన్ ద్రోహులేగా?

ఎవరికి ద్రోహం? ద్రోహం చెయ్యాలంటే ముందు ఇద్దరిదీ ఒకే పక్షం అయి ఉండాలి. "మెక్సికో" అనే దేశం పుట్టాక, 19వ శతాబ్దంలో, ఈ నింద బలపడింది. మెక్సికోలో ఇప్పటికీ త్లాష్‌కాలా వాళ్ళు ఈ మాట పడుతున్నారు, అది అన్యాయం.

మలింట్సిన్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. కోట్సాకోవాల్‌కోస్ వైపు నహువా ఇంట్లో పుట్టింది, చిన్నప్పుడే బానిసగా మాయా వాళ్ళ చేతికి చేరింది. 1519లో పొటోన్‌చాన్‌లో ఓడిపోయిన మాయా పెద్దలు స్పెయిన్ వాళ్ళకి ఇచ్చిన ఇరవైమంది ఆడవాళ్ళలో ఆమె ఒకరు. ఆమెకి నహువాట్ల్, మాయా రెండూ వచ్చు, కొద్దికాలానికే స్పానిష్ కూడా పట్టేసింది. ఆమెని అమ్మేసిన జనానికి ఆమె ఏం బాకీ ఉంది? త్లాష్‌కాలా బొమ్మల్లో ఆమె ప్రతి ముఖ్యమైన మాటల సన్నివేశంలో మధ్యలో నిలబడి ఉంటుంది, నహువాలు పిలిచిన ఆమె పేరు చివరే గౌరవ ప్రత్యయం ఉంది. ఆ కాలపు నహువా రాతల్లో ఆమెని ద్రోహి అన్న మాట కనిపించదు.

మశూచి గురించి ఏం రాశారు?

1520 శరదృతువులో వచ్చింది, నగరంలో అరవై రోజులు ఉందని 12వ పుస్తకం చెబుతుంది. నడవలేకపోయారు, పక్కకి తిరగలేకపోయారు, కదిపితే అరిచేవాళ్ళు, తిండి పెట్టే మనిషి లేక రోగం కంటే ఆకలితో ఎక్కువమంది పోయిన ఇళ్ళున్నాయి. కొత్త రాజు క్విత్లావాక్ సుమారు 80 రోజులు పాలించి దీంతోనే చనిపోయాడు. తర్వాత 1545లో, 1576లో ఇంకా పెద్ద మహమ్మారులు వచ్చాయి. 1576 దానిలోనే ఫ్లోరెంటైన్ కోడెక్స్ పని జరుగుతోంది, చుట్టూ మనుషులు పోతున్నారు, రంగులు కూడా దొరక్క చివరి భాగాల్లో చాలా బొమ్మలు నల్ల సిరాతోనే మిగిలిపోయాయి. ఆ రంగు లేని పేజీలు చూస్తుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ముట్టడి చివరి రోజులు ఎలా గడిచాయి?

చపుల్తెపెక్ నుంచి వచ్చే మంచినీటి కాలవని ముందే తెంచారు. ఉప్పునీళ్ళు తాగారు, బల్లులు, పిచ్చుకలు, తోలు, గోడ మట్టి తిన్నారు. త్లాటెలోల్కో చరిత్రలో దారుల్లో విరిగిన ఈటెలు, కప్పులు లేచిపోయిన ఇళ్ళు, రక్తంతో ఎర్రబడ్డ గోడలు అంటూ ఒక విలాపం ఉంది, వాళ్ళ రాతల్లో అందరికీ తెలిసిన భాగం అదే.

నాకు ఎక్కువ గుర్తుండేవి వేరే. ఒక పోరులో పట్టుకున్న 53 మంది స్పెయిన్ వాళ్ళ తలలతో పాటు నాలుగు గుర్రాల తలల్నీ కొయ్యలకి గుచ్చారు, మొహాలు సూర్యుడి వైపు పెట్టి. ఆఖరి ప్రయత్నంగా మెషీకాల చివరి రాజు క్వావ్‌తెమోక్ తన తండ్రి అవీట్సోట్ల్ ధరించిన కెట్సల్ ఈకల గుడ్లగూబ వేషాన్ని ఒక వీరుడికి కట్టి పంపాడు. లొంగిపోయాక నగరం వదిలి వెళుతున్న జనాన్ని దారుల్లో ఆపి, ఆడవాళ్ళ బట్టల్లో బంగారం కోసం వెతికారు. తమని ఎత్తుకుపోకుండా ఆడవాళ్ళు మొహాలకి బురద పూసుకుని చింకిపాతలు కట్టుకున్నారు. స్పానిష్ సైనికుల జ్ఞాపకాల్లో ఈ బురద కనిపించదు.

నరబలులు ఇచ్చేవాళ్ళ మీద ఇంత జాలి ఎందుకు?

నరబలి జరిగింది, దాచాల్సిన పని లేదు, 2015లో మెక్సికో నగరం నడిబొడ్డున పుర్రెల కట్టడమే బయటపడింది. దానికి బలైనవాళ్ళలో త్లాష్‌కాలా లాంటి శత్రు రాజ్యాల సైనికులు ఎక్కువ, వాళ్ళు కూడా తిరిగి అదే చేశారు. అయితే బలి ఆపడానికి ఎవరూ సముద్రం దాటి రాలేదు, బంగారం కోసం, భూమి కోసం, కూలీల కోసం వచ్చారు. మశూచితో చచ్చిన పసిపిల్లలు ఎవరినీ బలి ఇవ్వలేదు.

1521 తర్వాత అంతా అయిపోయినట్టేనా?

ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు, నాకు నచ్చనిది అదే. చాలా ఊళ్ళకి 1521 ఒక పెద్ద యుద్ధం, అంతే. రాజవంశాలు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి, పన్ను కట్టే చెయ్యి మారింది. నిజమైన దెబ్బ మెల్లగా తగిలింది, రోగాలతో, పన్నులతో, వెట్టితో.

వెహోట్సింగో పెద్దలు 1560లో స్పెయిన్ రాజు ఫెలిపేకి నహువాట్ల్‌లో రాసిన ఉత్తరం చదివి తీరాలి. మేము మీతో ఎప్పుడూ యుద్ధం చెయ్యలేదు, మీవాళ్ళు గాయాలతో పారిపోయి వస్తే ఆదుకున్నాం, త్లాష్‌కాలా వాళ్ళు మొదట మీతో పోట్లాడారు, అయినా వాళ్ళకి మినహాయింపులు, మాకు 14,800 పెసోల పన్నా, ఇలా అయితే మా ఊరే మాయమైపోతుంది అంటారు. పైకి ఎంతో వినయం, లోపల మండిపోతున్న కోపం. వాళ్ళు తమని ఓడిపోయిన జనం అనుకోవడం లేదు, మాట తప్పిన మిత్రుడికి లెక్క అప్పజెప్పమంటున్నారు.

1553లో త్లాష్‌కాలా పంచాయతీ కూర్చుని దేని మీద మండిపడిందో తెలుసా? ఎర్ర రంగు తీసే కోచినీల్ పురుగుల మీద. వాటి ధర పెరిగి మామూలు జనం పంటలు మానేసి నాగజెముడు తోటలు పెంచుతున్నారు, డబ్బు చూసి కళ్ళు నెత్తికెక్కాయి, ఆదివారం చర్చికి రావట్లేదు, పెద్దలకి గౌరవం ఇవ్వట్లేదు అని తీర్మానంలో రాసుకున్నారు. యుద్ధం ముగిసి 32 ఏళ్ళు, వాళ్ళ టెన్షన్ ఇది.

ఇంకో యాభై ఏళ్ళు దాటాక, చాల్కో ప్రాంతం అమెకామెకా నుంచి వచ్చిన చిమల్‌పాహిన్ మెక్సికో నగరంలో ఒక చిన్న చర్చిలో పని చేస్తూ నహువాట్ల్‌లో చరిత్ర రాశాడు. అందులో తన ఊరి రాజుల వంశావళి ఉంది, 1611 సూర్యగ్రహణం ఉంది, జపాన్ నుంచి వచ్చిన రాయబారుల కత్తులు, జుట్టుముడులు కూడా ఉన్నాయి. స్పెయిన్ వాళ్ళ రాక ఆ పొడుగాటి కథలో ఒక అధ్యాయం.

ఇవాళ మెక్సికోలో దీన్ని ఎలా చూస్తున్నారు?

ఏకాభిప్రాయం లేదు. త్లాటెలోల్కో కూడలిలో ఉన్న ఫలకం మీద, 1521 ఆగస్టు 13 విజయమూ కాదు, ఓటమీ కాదు, నేటి మెక్సికో అయిన మిశ్రమ జాతి బాధతో పుట్టిన రోజు అని రాసి ఉంటుంది. చాలామంది స్థానికులకి ఆ వాక్యం మింగుడు పడదు, అందులో పుట్టినవాళ్ళు కనిపిస్తారు గానీ పోయినవాళ్ళు కనిపించరు. 2019లో మెక్సికో అధ్యక్షుడు క్షమాపణ కోరుతూ స్పెయిన్ రాజుకి రాశాడు, స్పెయిన్ ప్రభుత్వం కుదరదంది. 2020 జనగణన ప్రకారం నహువాట్ల్ మాట్లాడేవాళ్ళు 16 లక్షలకి పైగా ఉన్నారు, ప్యూబ్లా, వెరాక్రూజ్, హిడాల్గో, గెరేరో లాంటి రాష్ట్రాల్లో.

చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్లోరెంటైన్ కోడెక్స్ మొత్తం 2023 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, బొమ్మలతో, అనువాదాలతో. 12వ పుస్తకం తెరవండి, శకునాలు దాటేసి తోష్‌కాట్ల్ పండగ దగ్గర మొదలుపెట్టండి. అది అయ్యాక వెహోట్సింగో ఉత్తరం. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఒకే యుద్ధం గురించి పక్క పక్క ఊళ్ళ వాళ్ళు ఇంత వేరుగా మాట్లాడతారా అని మీకే అనిపిస్తుంది.